ముందు గది ఎవరి లెక్కలోకి వస్తుంది? ఒక వీధి విస్తరణ కేస్ స్టడీ

వీధి వెడల్పు 36 అడుగులు. మాస్టర్ ప్లాన్‌లో 60. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో పాత బస్టాండును మార్కెట్ యార్డుతో కలిపే దారి ఇది. పట్టణం పేరు రాయడం లేదు. కొన్ని ఫైళ్లు ఇంకా తెగలేదు, ఆ ఫైళ్లలో ఉన్నవాళ్లు అదే ఆఫీసు చుట్టూ తిరగాలి. రెండు వైపులా 12 అడుగుల చొప్పున పోతాయని మున్సిపాలిటీ వాళ్లు గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లాక, అభ్యంతరాలు రాయించుకోవడానికి వీధివాళ్లు నన్ను పిలిచారు. టౌన్ ప్లానింగ్ కన్సల్టెంటుగా నాకు వచ్చే పనుల్లో లేఅవుట్లు, బిల్డింగ్ పర్మిషన్లే ఎక్కువ. రోడ్డు విస్తరణలో జనం తరఫున పనిచేయడానికి మా వృత్తిలో ఎవరూ పెద్దగా ముందుకు రారు. ఫీజు అంతంత మాత్రం, పైగా రేపు ఇంకో పని మీద అదే ఆఫీసుకు వెళ్లాలి.

ఇళ్లు దాదాపు ఒకే కొలత. 18 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు, అంటే 90 గజాలు. ముందు ఐదడుగుల వసారా, తర్వాత 11 అడుగుల ముందు గది, దాని వెనక నడిమింట్లో మంచాలు, చివర వంటిల్లు, పెరడు. మాస్టర్ ప్లాన్ పటంలో వీధి మొత్తానికి పసుపు రంగు వేసి ఉంది, అంటే నివాస ప్రాంతం. పగటిపూట నడిచి చూస్తే సంగతి వేరు. ఒక ముందు గదిలో టైలరింగు, పక్కింట్లో మగ్గం పని, ఆ పక్కన అప్పడాలు, ఎదురుగా ఇస్త్రీ, మూల మీద పిండి మర. సాయంత్రం మరో రెండు ఇళ్లలో ట్యూషన్లు. పన్నెండడుగులు కోస్తే వసారా పోతుంది, ముందు గదిలో ఏడడుగులు పోతాయి, నాలుగడుగులు మిగులుతాయి. పడుకునే గదికి, వంటింటికి ఏమీ కాదు. కాబట్టి మున్సిపాలిటీ లెక్క ప్రకారం ఈ వీధిలో ‘పాక్షికంగా ప్రభావితమైన’ ఇళ్లే తప్ప ఎవరూ నిర్వాసితులు కారు. నేను వాదించాల్సి వచ్చింది ఈ లెక్క గురించే. పోయే భాగం ఇంట్లో నాలుగో వంతు. పోయే సంపాదన మాత్రం కొన్ని గడపల్లో మొత్తం.

సర్వే ఫారంలో లేని గడి

సర్వే ఫారం కాపీ ఒకటి సంపాదించాను. ఇంటి నంబరు, యజమాని పేరు, ఆస్తి పన్ను అసెస్‌మెంట్ నంబరు, పోయే స్థలం గజాల్లో, పోయే కట్టడం చదరపు అడుగుల్లో, పైకప్పు రకం, అంతస్తులు. చివర ‘వినియోగం’ అని ఒక గడి ఉంది. అందులో రెండే మాటలు రాయవచ్చు: నివాసం లేదా వాణిజ్యం. సర్వేకు వచ్చిన కుర్రవాళ్లు ఆ గడిని ఇంటి ముందు నిలబడి నింపలేదు, పన్ను రికార్డు చూసి ఆఫీసులో కూర్చుని నింపారు. పన్ను రికార్డులో పిండి మర ఒక్కటే వాణిజ్యం. మిగతావన్నీ నివాసాలు. అద్దెకున్నవాళ్లకు ఫారంలో చోటే లేదు.

మగ్గం పని జరిగే ఇంటి గురించి కాస్త వివరంగా చెబుతాను. తల్లి, కూతురు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. మనిషి పొడవును మించిన కర్ర చట్రానికి గుడ్డ బిగించి, దానికి అటిద్దరు, ఇటిద్దరు నేల మీద కూర్చుంటారు. చట్రం కిటికీ పక్కనే ఉండాలి, ఎందుకంటే జర్దోసీ తీగ, పూసలు బల్బు వెలుతురులో సరిగా కనిపించవు, కళ్లు కూడా త్వరగా పోతాయి. కొలతలు ఇవ్వడానికి, డిజైన్ ఎంచుకోవడానికి వచ్చే ఆడవాళ్లు ముందు గది దాటి లోపలికి రారు. ఇంట్లో మగవాళ్లు మసలుతుంటారు, వచ్చేవాళ్లకూ అది ఇష్టం ఉండదు. వెలుతురు, చోటు, బయటివాళ్లు కూర్చోగల మర్యాద, ఈ మూడూ కుదిరే గది ఆ ఇంట్లో అదొక్కటే. నడిమింట్లోకి చట్రం మార్చుకోవచ్చు కదా అని ఒక అధికారి అడిగారు. మార్చుకోవచ్చు, అప్పుడు మంచాలు ఎక్కడికి వెళ్లాలో కూడా ఆయనే చెప్పాలి.

ఆ ఇంటి గోడ మీద ఎర్ర గుర్తు కిటికీకి లోపలి వైపు పడింది. అంటే కిటికీ పూర్తిగా రోడ్డులోకి వెళ్తుంది. ఫారంలో ఇదంతా ‘నివాసం, 216 చదరపు అడుగులు, ఆర్‌సీసీ’ అని ఒక్క వరుసలో ఉంది.

నాలుగు ఆఫీసులు, నాలుగు జవాబులు

ఇంట్లో చేసే పని చట్టబద్ధమా కాదా అని అడిగితే మన దగ్గర ఒక్క జవాబు దొరకదు. ఏ ప్రాంతంలో ఏ పని ఉండవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో ఇంటివాళ్లు చేసుకునే చిన్న వృత్తులకు చోటుంది. అయితే ఎంతమంది పనివాళ్ల వరకు, ఎంత కరెంటు లోడు వరకు, ఇంట్లో ఎంత భాగం వరకు అన్నది ఆ మున్సిపాలిటీ పటంలో గానీ, దానికి జతచేసిన కాగితాల్లో గానీ తేల్చి రాసి లేదు. పన్ను విభాగాన్ని అడిగితే డబ్బు మారే చోటు ఏదైనా వాణిజ్యమే అంటుంది. ట్రేడ్ లైసెన్సు విభాగం బోర్డు ఉంటేనే చూస్తుంది. విద్యుత్ సంస్థకు మీటరు కేటగిరీ ఒక్కటే ప్రమాణం.

ఢిల్లీలో ఈ సంగతి రచ్చకెక్కాకే తేలింది. నివాస భవనాల్లో నడుస్తున్న వ్యాపారాలకు సీలు వేయాలని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించడం, నగరమంతా గొడవలు, పార్లమెంటులో హడావుడిగా ఒక ప్రత్యేక చట్టం, ఇవన్నీ అయ్యాక 2007 ఫిబ్రవరి 7న వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో ఒక గీత గీశారు: కాలుష్యం లేని గృహ పరిశ్రమ, ఐదుగురు పనివాళ్లు, 5 కిలోవాట్ల వరకు, నివాస ప్రాంతంలో ఉండవచ్చు. ఆ సంఖ్యలు ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ. సంఖ్య అంటూ ఉంటే ఇన్‌స్పెక్టర్ ఇష్టాయిష్టాలకు అంత చోటుండదు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఇంట్లో వ్యాపారం చేసుకోవచ్చు గానీ ఇంటికి ఖాతాదారు రాకూడదన్న నిబంధన చాలా కాలం నడిచింది. ఇంట్లో జుట్టు కత్తిరించే ఆమె, పాటలు రికార్డు చేసే అతను కోర్టుకెక్కాక, 2020లో రోజుకు ఆరుగురి వరకు రావచ్చని అక్కడి కౌన్సిల్ సడలించింది. మా వీధికి కావలసింది కూడా ఇలాంటి ఒక స్పష్టమైన వాక్యమే. అది లేనందువల్ల తమ పని బయటపెట్టుకోవడానికే జనం భయపడ్డారు.

భయానికి కారణం పన్ను ఒక్కటే అనుకుని నేను మొదలుపెట్టాను. మగ్గం ఇంటి ఆమె ఇంకో కారణం చెప్పింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. ఆ పథకం గృహ కేటగిరీ మీటరుకే, అదీ ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్లకే. “ఇక్కడ వ్యాపారం ఉందని రాసిచ్చామనుకోండి సార్, మీటరు రెండో కేటగిరీకి, అదే వ్యాపారం కేటగిరీకి మారుస్తారు. ఆదాయం ఉందని కార్డు తీసేస్తే? మీరు ఇప్పించే పరిహారం ఎంతో తెలియదు, పోయేది మాత్రం నెలనెలా తెలుస్తుంది” అంది. ఆమె లెక్కలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఇస్త్రీ అతని పరిస్థితి దీనికి తలకిందులు. అతను అద్దెదారు, ముందు గది మాత్రమే అతనిది. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో రజకుల లాండ్రీలకు, నాయీ బ్రాహ్మణుల క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఉంది. దానికోసం అతను ఇంటి ఓనరును బతిమాలి ఆ గదికి వేరే మీటరు పెట్టించుకున్నాడు. మీటరు అతని పేరు మీద, లాండ్రీ అని రాసి ఉంది. అప్పటికి నేను చూసినంతలో, వీధి మొత్తంలో ‘ఇక్కడ ఈ మనిషి ఈ పని చేస్తున్నాడు’ అని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం పిండి మర తర్వాత అతనికే ఉంది. సెంటు భూమి లేనివాడి దగ్గర కాగితం ఉంది, సొంతిల్లున్న ఆమె దగ్గర లేదు.

రెండు దారులు

స్థలం తీసుకోవడానికి మున్సిపాలిటీ ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం. రెండోది యజమానితో అంగీకార పత్రం రాయించుకోవడం. ఆఫీసులకు రెండోదే ఇష్టం. నోటిఫికేషన్లు, సామాజిక ప్రభావ అంచనా, అభ్యంతరాలకు 60 రోజులు, ఇవేవీ ఉండవు. 2017లో రాష్ట్రం ఆ చట్టానికి చేసిన సవరణ కూడా ఇష్టపడి ఇచ్చే యజమానితో ఒప్పందానికి వీలు కల్పించింది.

మొదటి దారిలో లెక్క ఇలా ఉంటుంది. గజం మార్కెట్ విలువ పది వేలు అనుకుందాం. 24 గజాలకు 2 లక్షల 40 వేలు. దానికి నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, కలిపితే 4 లక్షల 80 వేలు. పోయిన కట్టడం విలువ, దాని మీద కూడా నూరు శాతం. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం చొప్పున అదనం. హైదరాబాద్ పాతబస్తీ మెట్రోలో గజానికి 81 వేల రూపాయలు నిర్ణయించారన్న వార్త ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ ధర చార్మినార్ పరిసరాలది, మనది కాదు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

డబ్బు కన్నా ఆ చట్టంలో మాకు పనికొచ్చేవి రెండు మాటలు. 28వ సెక్షన్‌లో, స్వాధీనం చేసుకోవడం వల్ల మనిషి ‘సంపాదన’కు కలిగే నష్టాన్ని కూడా కలెక్టరు లెక్కలోకి తీసుకోవాలని ఉంది. వ్యాపార స్థలం మారాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా. రెండోది, ‘ప్రభావిత కుటుంబం’ అన్న నిర్వచనం. పట్టణాల్లో మూడేళ్లుగా నివసిస్తున్న, లేదా మూడేళ్లుగా ప్రధాన జీవనాధారం దెబ్బతింటున్న కుటుంబం, సొంత స్థలం ఉన్నా లేకపోయినా, అందులోకి వస్తుంది. అంటే ఇస్త్రీ అతను వస్తాడు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు రెండో షెడ్యూలులో ఉంది. చేతివృత్తులవాళ్లకు, చిన్న వ్యాపారులకు, స్వయం ఉపాధి వాళ్లకు కనీసం 25 వేల రూపాయల ఏకకాల సాయం, నెలకు 3 వేల చొప్పున ఏడాది జీవనభృతి ఇవ్వాలని రాశారు. అయితే అవి నిర్వాసితులైన కుటుంబాలకు. ఏకకాల సాయం దగ్గర ఇష్టం లేకుండా ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లకని కూడా ఉంది. ఇల్లు మిగిలింది కాబట్టి నువ్వు నిర్వాసితురాలివి కావు అంటారు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టావు కాబట్టి ఇష్టం లేకుండా వెళ్లినట్టు కాదు అంటారు. ముందు గదిలో పని చేసుకునే మనిషి ఈ రెండు తలుపుల మధ్య ఇరుక్కుంటుంది. చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊరు, పూర్తిగా కూలిపోయే ఇల్లు. ఇంట్లో బతుకుతెరువు గది ఒక్కటి కోసుకుపోయే సంగతి వాళ్లకు తట్టినట్టు లేదు.

రెండో దారిలో మున్సిపాలిటీ ఇవ్వజూపినది: కట్టడం విలువ, మిగిలిన స్థలంలో కట్టుకునేటప్పుడు సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపు, స్థలానికి టీడీఆర్, అంటే డబ్బుకు బదులు ఇచ్చే, వేరొకరికి అమ్ముకోగల అదనపు నిర్మాణ హక్కు. టీడీఆర్ గురించి సమావేశంలో ఒక అధికారి ఉత్సాహంగా చెప్పారు. హైదరాబాద్‌లో రోడ్డు విస్తరణకు ఇచ్చిన స్థలానికి 2017 చివరి నుంచి 400 శాతం లెక్కన హక్కు పత్రం ఇస్తున్నారు, నిజమే. 24 గజాలకు 96 గజాల హక్కు. కానీ అది కొనేది అదనపు అంతస్తులు వేసే బిల్డరు. అయిదంతస్తుల భవనాలే చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఊళ్లో ఆ పత్రం కొనేవాడెవరు? “దాన్ని బ్యాంకులో పెడితే అప్పిస్తారా?” అని టైలరు అడిగాడు. అధికారి జవాబు చెప్పకుండా తర్వాతి ఇంటి నంబరు పిలిచారు.

కాగితాలు పోగుచేయడం

మొదటి విడతలో మేము చేసిన పని అభ్యంతర పత్రం రాయడం కాదు, గడప గడపకూ ఒక ఫైలు తయారుచేయడం. ఇంటి మీద హక్కు గురించి పత్రాలు ఓనర్లందరి దగ్గరా ఉన్నాయి. పని మీద హక్కు చూపే కాగితాలే లేవు.

వ్యాపారమని చెప్పకుండా పని ఉందని చూపడం ఎలా? ఇందులో కొన్ని ఉపాయాలు పనిచేశాయి. ఈ-శ్రమ్ కార్డులో వృత్తి రాసి ఉంటుంది. అది అసంఘటిత కార్మికులకు ఇచ్చేది కాబట్టి దాన్ని చూపితే పన్ను విభాగం మీద పడదు. మగ్గం ఇంట్లో నలుగురికీ 2021లోనే తీసిన కార్డులు ఉన్నాయి, ఎక్కడో బియ్యం డబ్బా మీద కాగితాల కట్టలో. అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం 2008లోనే ‘ఇంటి వద్ద పనిచేసే కార్మికుడు’ అన్న నిర్వచనం ఇచ్చింది. అభ్యంతర పత్రంలో నేను ‘వ్యాపారి’ అన్న మాట ఎక్కడా వాడకుండా ఆ నిర్వచనాన్నే వాడాను. అప్పడాలు చేసేవాళ్లకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉంది, ఏడాదికి వంద రూపాయలు కట్టి తీసుకున్నది. సూపర్ మార్కెట్‌కు సరుకు వేయాలంటే అడిగారని తీశారట. బీడీలు చుట్టే ఇళ్లలో గుర్తింపు కార్డు, పీఎఫ్ నంబరు రెండూ ఉన్నాయి. ఇంట్లో పనిచేసేవాళ్లలో కాగితం విషయంలో వాళ్లంత పదిలంగా ఎవరూ లేరు. బీడీ కార్మికులకు విడిగా చట్టాలు ఉన్నందువల్ల. అయితే బీడీ పనికి ముందు గదే కావాలని లేదు కాబట్టి వాళ్ల నష్టం తక్కువ.

చిన్న వ్యాపారాలకు, పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గురించి వాదోపవాదాలు జరిగాయి. 2020 జులై నుంచి ఆధార్‌తో ఉచితంగా, ఎవరికి వాళ్లే ప్రకటించుకుని తీసుకోవచ్చు. టైలరు వెంటనే తీసుకుంటానన్నాడు. నేను వద్దనలేదు గానీ, గుర్తు పెట్టిన తర్వాతి తేదీతో తీసిన సర్టిఫికెట్‌కు విచారణలో విలువ అంతంతే అని చెప్పాను. మూడేళ్ల పని చూపాలి. చివరికి అతనికి పనికొచ్చింది ఫోను. డిజిటల్ చెల్లింపులు మొదలుపెట్టినప్పటి నుంచి వచ్చిన వందా రెండొందల జమలతో బ్యాంకు స్టేట్‌మెంటు చాలా పేజీలు వచ్చింది. అందులో ‘బ్లౌజ్’, ‘ఫాల్’, ‘ఆల్టర్’ అని పంపినవాళ్లు రాసిన మాటలు కూడా ఉన్నాయి. ఏ సర్టిఫికెట్ కన్నా అది నమ్మకంగా ఉంది.

అద్దెదారుల దగ్గర ఇబ్బంది వచ్చింది. ఓనర్లలో కొందరు వాళ్ల పేర్లు ఫైళ్లలో ఉండకూడదన్నారు. అద్దెదారుకు పరిహారం ఇస్తే తమ వాటా తగ్గుతుందని ఒక అనుమానం, అద్దె ఆదాయం బయటపడుతుందని ఇంకో అనుమానం. ఇస్త్రీ అతని ఓనరు పెద్దాయన. “వాడు నా కళ్ల ముందు పెరిగినవాడే బాబూ, కాదనను. కానీ కాగితం మీద వాడి పేరు రాస్తే రేపు గది నాదే అంటే నేనెక్కడికి పోవాలి?” అన్నాడు. ఇది ఒక్కరి మనసులో మాట కాదు, మన పట్టణాల్లో నోటి మాట మీద నడిచే అద్దెలన్నింటి వెనకా ఈ భయమే ఉంటుంది. అతని పేరు మీద మీటరు ముందే ఉంది కాబట్టి మాకు పెద్దాయన సంతకం అవసరం రాలేదు. మిగతా అద్దెదారుల్లో ఇద్దరు ఫైలు లేకుండానే మిగిలిపోయారు.

పిండి మర విషయంలో వీధివాళ్లతోనే నాకు తేడా వచ్చింది. మర యజమానికి ట్రేడ్ లైసెన్సు, వాణిజ్య పన్ను రసీదులు, తగిన కేటగిరీ మీటరు అన్నీ ఉన్నాయి. పరిహారం పొందడంలో అందరికన్నా బలమైన కేసు అతనిది. కానీ ఇంటి పనులను ఈ వీధిలో నియమబద్ధం చేయాలని మేము అడిగే జాబితాలో మరను చేర్చడానికి నేను ఒప్పుకోలేదు. పొద్దున ఆరింటికే మొదలయ్యే చప్పుడు, కారం పట్టినప్పుడు నాలుగిళ్ల అవతల దాకా తుమ్ములు. నివాస వీధికి జోనింగ్ ఉన్నది ఇలాంటివి ఆపడానికే. పక్కింటివాళ్లు సర్దుకుపోతున్నారు కాబట్టి అది ఇబ్బంది కాదనలేం.

విచారణ

2025 జనవరి ఆఖరులో మున్సిపల్ పాలకవర్గాల గడువు తీరిపోయింది. విస్తరణ తీర్మానం పాత కౌన్సిల్‌ది, అమలు ప్రత్యేకాధికారిది. వార్డు సభ్యుడి ఇంటికి వెళ్లి గొడవ పెట్టుకునే వీలు జనానికి లేకుండా పోయింది. ఒక రకంగా అది మాకు మేలే చేసింది, ఎందుకంటే ప్రత్యేకాధికారి కాగితం చదివే మనిషి.

మేము అడిగినవాటిలో పెద్దది వెడల్పు. నిజంగా బస్సులు ఇరుక్కునేది మూడు చోట్ల మాత్రమే: రెండు మూలలు, గుడి దగ్గర వంపు. అక్కడ 60 చేసి, మధ్యలో 50తో సరిపెట్టమన్నాం. అప్పుడు ఒక్కో ఇంటికి ఏడడుగులే పోతాయి, ముందు గదిలో తొమ్మిదడుగులు మిగులుతాయి, మగ్గం చట్రం పడుతుంది. ఇంజనీరు వాదన తేలికగా తీసేయదగ్గది కాదు. రెండు వైపులా మురుగు కాలువ, కాలిబాట, బస్సులు ఎదురెదురుగా వెళ్లే దారి, ఇవి పోనూ 50లో ఆటోలు ఆగడానికి చోటుండదు, ఆగితే మళ్లీ ఇప్పటి పరిస్థితే అన్నారు. ఎలాగూ మాస్టర్ ప్లాన్ రోడ్డు వెడల్పు మార్చడం మున్సిపాలిటీ చేతిలో లేదు. టౌన్ ప్లానింగ్ డైరెక్టర్ కార్యాలయం ద్వారా ప్రభుత్వానికి వెళ్లి రావాలి. ఆ అభ్యర్థన తిరస్కరించారు.

రెండోది సమయం. దీన్ని ఆఖరి నిమిషంలో చేర్చాను, కానీ చివరికి అన్నింటికన్నా ఎక్కువ డబ్బు మిగిల్చింది ఇదే. మగ్గం పనికి, టైలరింగుకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం పెళ్లి ముహూర్తాల నెలల్లోనే వస్తుంది. కూల్చివేత శ్రావణంలో పెట్టుకున్నారు. ఆషాఢంలో తీసుకున్న ఆర్డర్లన్నీ చట్రాల మీద ఉన్న సమయం అది. దాన్ని భాద్రపదానికి జరపమని, ఒక వైపు పూర్తయ్యాక రెండో వైపు మొదలుపెట్టమని, ఇంటివాళ్లే సొంతంగా కూల్చుకోవడానికి గడువు ఇవ్వమని అడిగాం. దీనికి ఏ సెక్షనూ అక్కర్లేదు, ఒక్క పైసా ఖర్చు లేదు. ప్రత్యేకాధికారి అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ ఇవ్వరు.

మూడోది 28వ సెక్షన్ కింద సంపాదన నష్టం. అంగీకార పత్రాల దారిలో వెళ్తున్నాం కాబట్టి ఆ సెక్షన్ వర్తించదన్నారు. అలాగైతే అంగీకారం ఇవ్వనివాళ్లకు వర్తిస్తుంది కదా అన్నాం. ఆ మాటతో బేరం కుదిరింది. కట్టడం విలువ కట్టేటప్పుడు పనికోసం చేసుకున్న ఏర్పాట్లను, అంటే మర పునాదిని, అప్పడాల గది అల్యూమినియం షెడ్డును, టైలరు చెక్క అరలను విడిగా లెక్కగట్టారు. సంపాదన నష్టం అన్న మాట మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు. రాస్తే తర్వాత విస్తరించే వీధులవాళ్లు కూడా అడుగుతారట.

ఏం తేలింది

పిండి మర ఊరి చివరకు వెళ్లిపోయింది. కాగితాలు సరిగ్గా ఉన్నందువల్ల అందిన డబ్బు కూడా అతనికే ఎక్కువ. అతని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇస్త్రీ అతనికి ఇంటి లోపల పనిచేసేవాడిగా ఏమీ రాలేదు. మిగిలిన నాలుగడుగుల్లో బల్ల పట్టదు. పెద్దాయన గదిని వెనక్కి జరిపి కట్టుకుంటే అద్దె మూడింతలు అడుగుతాడు. అప్పుడు వీధి విక్రయదారుల చట్టం గుర్తొచ్చింది. 2014 నాటి ఆ చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి విక్రయదారులే ఉండాలి, కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. గడప లోపల ఇరవై ఏళ్లు పనిచేసినా దొరకని రక్షణ, రోడ్డు మీదకు వచ్చి బండి పెట్టుకుంటే దొరుకుతుంది. మూల మీద వేపచెట్టు కింద అతనికి చోటు, కార్డు ఇప్పించాం. కరెంటు ఇస్త్రీ పెట్టె పోయి మళ్లీ బొగ్గుల పెట్టె వచ్చింది. నెలకు 250 ఉచిత యూనిట్లు మీటరుతో పాటే పోయాయి. దీన్ని గెలుపు ఖాతాలో వేయాలో ఓటమి ఖాతాలో వేయాలో నా దగ్గర స్పష్టత లేదు. అతను మాత్రం పని ఆగలేదు కదా అన్నాడు.

మగ్గం ఇంటి కథ ఇంకా నడుస్తోంది. 90 గజాల్లో 24 పోతే 66 మిగిలింది. 75 గజాల లోపు స్థలంలో సొంతిల్లు కట్టుకోవడానికి 2019 మున్సిపాలిటీల చట్టం అనుమతి అక్కర్లేదంది, ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు. సెట్‌బ్యాక్ సడలింపు కూడా చేతిలో ఉంది. పైన ఒక గది వేసుకుని కిందిదంతా పనికి పెట్టుకుందామని వాళ్ల ఆలోచన. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆ రూపాయి రిజిస్ట్రేషన్ నివాస గృహానికి మాత్రమే. ముందు షట్టర్ పెడితే స్వీయ ప్రకటన తప్పవుతుంది, తప్పుడు ప్రకటనకు చట్టంలో శిక్షలు గట్టివి. షట్టర్ వద్దు, మామూలు తలుపు, పెద్ద కిటికీ పెట్టండి, బోర్డు వద్దు అని చెప్పాను. తలుపు తలుపే, లోపల ఎవరు ఏం కుడుతున్నారన్నది ఇంటి సంగతి. ఇలా దొంగచాటుగా డిజైన్ చేయాల్సి రావడం ఒక ప్లానరుగా నాకు నచ్చదు.

రోడ్డు వెడల్పయ్యాక ఎదురైన అసలు ఒత్తిడి మున్సిపాలిటీ నుంచి రాలేదు. అరవై అడుగుల రోడ్డు మీద ముందు గదికి మొబైల్ దుకాణాలు, మందుల షాపులు అద్దె అడగడం మొదలైంది. టైలరును అతని ఇంటి ఓనరు ఖాళీ చేయించాడు. మగ్గం ఇంటి కొడుకు కూడా అమ్మా, చట్రం పైగదిలోకి మార్చుకోండి, కింద అద్దెకిద్దాం అంటున్నాడు. పైగదికి వెళ్లే మెట్లు రెండున్నర అడుగుల వెడల్పు, మధ్యలో మలుపు. విప్పకుండా చట్రం ఎక్కదు. కొలతలకు వచ్చే పెద్ద వయసు ఆడవాళ్లు ఎక్కరు. విస్తరణ వల్ల వీధిలో వ్యాపారం పెరుగుతుందని ప్రతిపాదనలో రాశారు, పెరిగింది కూడా. పెరిగిన వ్యాపారం ఇంతకు ముందు అక్కడ పని చేసుకున్నవాళ్లది కాదు.

మొత్తం ఇల్లు పోయిన కుటుంబాలు వంపు దగ్గర కొన్ని ఉన్నాయి. వాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు చూపించారు. 560 చదరపు అడుగులు, కొత్త ఇల్లు, కుళాయి నీళ్లు, మంచివే. కానీ అక్కడ ఇంట్లో ఏ పని చేసుకోవచ్చు, ఏది కూడదు అని అడిగితే కేటాయింపు పత్రం మౌనం. వ్యాపారం నిషిద్ధం అని మాత్రం సంఘం వాళ్లు గోడ మీద రాసి పెట్టారు. సింగపూర్‌లో ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఇంటివాళ్లే చేసుకునే చిన్న పనులకు, అంటే వంటలు, కుట్టుపని, ట్యూషన్లకు, అనుమతి కూడా అడగక్కర్లేదు. బయటి పనివాళ్లు ఉండకూడదు, బోర్డు పెట్టకూడదు, పొరుగువాళ్లకు ఇబ్బంది ఉండకూడదు. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో రాసి కేటాయింపు పత్రం వెనక అచ్చువేయమని విడిగా ఒక వినతి ఇచ్చాను. గృహనిర్మాణ విభాగానికి పంపామన్నారు.

వీధి నివాస వర్గీకరణ అలాగే ఉంది. ఇంట్లో మూడో వంతు మించకుండా, ఇంటివాళ్లు కాక ఇద్దరు బయటివాళ్ల వరకు, చప్పుడు, పొగ లేని పనులను గృహ వృత్తిగా గుర్తించాలని, వాటికి నివాస పన్నే కొనసాగించాలని, కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాకు మేము రాసిన సూచన రికార్డులో చేరింది. దాని మీద రసీదు ముద్ర ఉంది. ముసాయిదా ఇంకా బయటికి రాలేదు. వచ్చినప్పుడు అభ్యంతరాల గడువు మొదలయ్యే రోజే ఫైళ్లు పట్టుకుని వెళ్లడానికి వీధిలో ముగ్గురు ఒప్పుకున్నారు. ఈసారి సర్వే ఫారంలో ‘వినియోగం’ గడి పక్కన ఇంకో గడి పెట్టమని అడగడం వాళ్ల జాబితాలో మొదటి అంశం. అద్దెదారు పేరు రెండోది. పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు.